పాత సత్రాన్ని జాకీల మీద జరిపినన్నాళ్ళూ గోడల్ని కొలిచిన మోనిటరింగ్ టీమ్ గురించి, విజయనగరం జిల్లా నుంచి రివ్యూ

మాది చీపురుపల్లి వైపు ఊరండి. రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి మా ఊరి పాత సత్రానికి మార్కింగ్ పెట్టేశారు, ముందున్న అరుగులు, వరండా స్తంభాలు, లోపల హాల్లో కొంత భాగం దాకా గీతలోకి వచ్చేశాయి. కూల్చేసి వచ్చిన పరిహారంతో కొత్త కమ్యూనిటీ హాలు కట్టుకుందాం అన్నవాళ్ళు కొందరు, మా తాతలు కట్టింది కూలనిచ్చేదే లేదన్న పెద్దవాళ్ళు కొందరు, ఆ గొడవ చాన్నాళ్ళే నడిచింది, చివరికి బిల్డింగ్ మొత్తాన్ని జాకీల మీద ఎత్తి వెనకున్న ఖాళీ జాగాలోకి జరపడానికి అందరూ ఒప్పుకున్నారు. జాకీలతో ఇళ్ళు ఎత్తే వాళ్ళ గురించి యూట్యూబ్‌లో కావలసినన్ని వీడియోలు ఉన్నాయి కాబట్టి నేను రాసేది వాళ్ళ గురించి కాదు. ఆ పని జరిగినన్నాళ్ళూ గోడలకి, స్తంభాలకి, జాకీల కిందా మీటర్లు పెట్టి రీడింగులు తీసిన టీమ్ గురించి. విశాఖ నుంచి వచ్చారు. ఇలాంటి సర్వీసు ఒకటి ఉంటుందనే మన జిల్లాల్లో చాలామందికి తెలీదు, అందుకే కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్నాను. ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒకటి ఎందుకు కోశానో కూడా చెప్తాను.

ముందు బిల్డింగ్ ఎలాంటిదో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. డంగు సున్నంతో కట్టిన ఇటుక గోడలు, రెండడుగుల మందం, వరండాలో టేకు స్తంభాలు, పైన బెంగుళూరు పెంకులు, వెనక రెండు గదుల మీద మాత్రం మద్రాసు టెర్రస్, అంటే కర్ర దూలాల మీద ఇటుకలు, సున్నం వేసి కట్టిన చదును కప్పు. బీములు లేవు, కాలమ్స్ లేవు, ఇనుము అన్నదే లేదు. ఇప్పటి ఆర్‌సీసీ ఇంటిని ఎత్తడం వేరు, దీన్ని ఎత్తడం వేరు. ఆర్‌సీసీలో చుట్టూ బీము ఉంటుంది, ఒక జాకీ కొంచెం వెనకబడినా ఆ బీము లాక్కొస్తుంది. సున్నం గోడ బరువు మోయమంటే ఎంతైనా మోస్తుంది గాని లాగితే నిలవదు, ఒక మూల లేచి పక్క మూల లేవకపోతే మధ్యలో చీలిపోతుంది. సున్నం గోడలు కదలికని తట్టుకుంటాయి అంటారు, అది నిజమే, కానీ అది ఏళ్ళ తరబడి నెమ్మదిగా దిగే కదలికకి. జాకీ తిప్పితే అదే కదలిక నిమిషంలో వచ్చేస్తుంది, అంత టైములో సున్నం సర్దుకోలేదు. ఈ మాట ఆ టీమ్ ఇంజనీరు మొదటి మీటింగులోనే చెప్పారు, నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

మరి విప్పి మళ్ళీ కట్టొచ్చు కదా అని మా కమిటీలోనే ఒకాయన అడిగాడు, నాగార్జునకొండలో అలాగే చేశారు కదా అని. ఆయన అడిగింది కరెక్టే. నాగార్జునసాగర్ నీళ్ళలో మునిగిపోతాయని అక్కడి బౌద్ధ కట్టడాలు కొన్నింటిని తీసుకెళ్ళి కొండ మీదా, ఇటు అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి కట్టారు. ఈజిప్టులో అబూ సింబెల్ గుళ్ళ కోసమైతే 1964 నుంచి 1968 దాకా ఏకంగా కొండనే బ్లాకులుగా కోసి 65 మీటర్లు పైకి ఎత్తి పెట్టారు. కానీ ఇవన్నీ రాతివి. రాయికి నంబరు వేసి విప్పితే తిరిగి అదే రాయి అదే చోట కూర్చుంటుంది. మా సత్రం గోడ విప్పితే సగం ఇటుకలు ముక్కలవుతాయి, సున్నం పొడైపోతుంది, గోడల మీద తామరపూల గచ్చు పని అంతా పోతుంది, మిగిలేది పాత ఇటుకల కుప్ప. అందుకే మొత్తంగా జరపడం ఒక్కటే దారి. ఇంకో మాట, రక్షిత కట్టడం అయితే పురావస్తు శాఖ అనుమతి లేకుండా చెయ్యి వెయ్యకూడదు, మాది ఆ లిస్టులో లేదు. పాత కట్టడాల్ని ఎలా కాపాడాలో చెప్పే 1964 నాటి అంతర్జాతీయ నియమావళి, వెనిస్ చార్టర్‌లో కూడా కట్టడాన్ని దాని చోటు నుంచి కదపకూడదు, దాన్ని కాపాడుకోవడానికి తప్పనిసరైతేనో, దేశానికో ప్రపంచానికో చాలా ముఖ్యమైన అవసరం ఉంటేనో తప్ప అనే ఉంది. మాకు వేరే దారి లేదు.

జాకీల కాంట్రాక్టరు వేరు, కొలతల టీమ్ వేరు, రెండూ వేరు వేరు అగ్రిమెంట్లు చేసుకున్నాం, దీని మీద కూడా చాలా వాదన అయింది. జాకీల వాళ్ళు మేమే లెవెల్ చూసుకుంటాం, పైపు లెవెల్ ఉంది, గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాం, పగులు వస్తే మాదే పూచీ అన్నారు. వాళ్ళ చేతి పని గురించి నాకు అనుమానం లేదు, అన్ని జాకీల దగ్గర మనుషులు కూర్చుని ఒక్క విజిల్‌కి ఒకేసారి తిప్పడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ పని తొందరగా అయితే లాభపడేది వాళ్ళే, పని ఆపాలని చెప్పాల్సిందీ వాళ్ళేనా? అందుకని కొలతల టీమ్ అగ్రిమెంటులో ఒక లైను రాయించాం, రెడ్ లిమిట్, అంటే పని ఆపెయ్యాల్సిన కొలత, దాటితే ఎవరినీ అడక్కుండా పని ఆపించే హక్కు వాళ్ళదే, మళ్ళీ మొదలెట్టాలంటే వాళ్ళ సంతకం కావాలి అని. అదే లైను జాకీల కాంట్రాక్టరు అగ్రిమెంటులో కూడా పెట్టించాం. ఖర్చు ఎంత అంటే, జాకీల పనికి ఇచ్చినదాంట్లో సుమారు ఆరో వంతు అయింది. నా లెక్కలో మేము పెట్టిన మొత్తం డబ్బులో సరిగ్గా ఉపయోగపడ్డ ఖర్చు ఇదే.

ఇప్పుడు అసలు సర్వీసు సంగతి. వీళ్ళు వచ్చి మొదట చేసింది చూస్తే ఊళ్ళో వాళ్ళకి ఏమీ చెయ్యనట్టే అనిపించింది. జాకీల వాళ్ళు ఇంకా రానేలేదు, వీళ్ళు మాత్రం గోడలన్నీ తిరిగి ప్రతి పగులుకీ నంబరు వేసి, ఫోటో తీసి, చాక్‌తో చివర్లు గుర్తు పెట్టి, ముఖ్యమైన పగుళ్ళ మీద టెల్‌టేల్ అనే ప్లాస్టిక్ గేజీలు అతికించారు. పగులుకి ఇటో ముక్క అటో ముక్క ఉంటుంది, ఒకదాని మీద మిల్లీమీటరు గళ్ళు, రెండోదాని మీద ప్లస్ గుర్తు, పగులు తెరుచుకుంటే ఆ గుర్తు గళ్ళ మీద జరుగుతుంది, ఎవరైనా చూసి చెప్పెయ్యొచ్చు. కొన్ని చోట్ల అది చాలదని డిజిటల్ గేజీలు కూడా పెట్టారు, అవి మిల్లీమీటరులో వందో వంతు దాకా చూపిస్తాయి. పెట్టేసి, పని మొదలెట్టకుండా కొన్ని వారాల పాటు ఉత్తినే రీడింగులు తీశారు.

ఉత్తినే ఎందుకు డబ్బులు దండగ అని కమిటీలో గొణుగుడు మొదలైంది. ఆ రీడింగులు చూశాకే నాకు విషయం బోధపడింది. పడమటి గోడ మీద పగులు పొద్దున్న ఒకలా, మధ్యాహ్నం ఎండలో ఒకలా, రాత్రి ఇంకోలా ఉంది! ఏ జాకీ ముట్టుకోకుండానే, ఉట్టి ఎండకే అది రోజూ పావు మిల్లీమీటరు దాకా తెరుచుకుని మూసుకుంటోంది. ఈ సంగతి తెలీకుండా పని మొదలెట్టి మధ్యాహ్నం రీడింగు చూసి ఉంటే అయ్యో గోడ పోయింది అని కంగారు పడేవాళ్ళం, లేకపోతే దానికి వ్యతిరేకంగా, నిజంగా జాకీ వల్ల వచ్చిన పగుల్ని ఎండ వల్ల వచ్చిందిలే అని వదిలేసేవాళ్ళం. గోడ మామూలుగా ఎంత కదులుతుందో తెలిస్తేనే మామూలు కాని కదలిక తెలుస్తుంది. పక్కనే టెంపరేచర్ సెన్సర్ కూడా పెట్టి రెండూ కలిపి గ్రాఫ్ వేసి చూపించారు, ఎండ ఎంత, పగులు ఎంత అని. మన జిల్లాల్లో ఫిబ్రవరి మార్చి వచ్చేసరికి పగలు రాత్రి తేడా బాగానే ఉంటుంది కాబట్టి ఇది తీసిపారేసే విషయం కాదు. ఎవరైనా టీమ్ పొద్దున్న వచ్చి సెన్సర్లు పెట్టి మర్నాడే లిఫ్టింగ్‌కి ఓకే అంటే వాళ్ళని నమ్మొద్దు, నేను గట్టిగా చెప్తున్నాను.

ఇంకా ఏమేం పెట్టారంటే, గోడల పైభాగంలో టిల్ట్ మీటర్లు, గోడ ఒరుగుతోందా లేదా చూడ్డానికి. మూలల్లోనూ వరండా స్తంభాల కిందా ఎంచుకున్న జాకీల కింద లోడ్ సెల్స్, ఏ జాకీ మీద ఎంత బరువు పడుతోందో చెప్పడానికి. గోడల నిండా చిన్న చిన్న రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, దూరంగా కదలని చోట సిమెంటు దిమ్మ కట్టి దాని మీద టోటల్ స్టేషన్ అనే సర్వే మిషను పెట్టి, దాని కిరణంతో ఆ స్టిక్కర్లు అన్నీ ఒక్కొక్కటిగా కొడుతూ పోతే ప్రతి పాయింటు ఎంత లేచింది ఎంత జరిగింది అన్నీ వస్తాయి. ఆ దిమ్మ జాకీల పని జరిగే నేలకి దూరంగా ఉండాలి, నేల కదిలితే కొలిచేది కూడా కదిలిపోతుంది కదా, దానికోసం రోడ్డు అవతల బడి కాంపౌండులో చోటు అడిగి తీసుకున్నారు. లిమిట్లు ఎలా పెట్టారంటే, పుస్తకాల్లో మామూలు బిల్డింగులకి రెండు పాయింట్ల మధ్య దూరంలో 300లో ఒక వంతు తేడా వస్తే గోడలు పగలడం మొదలవుతుందని, 500లో ఒక వంతు దాటనివ్వొద్దని ఉంటుందట. అంటే ఐదు మీటర్ల గోడకి ఒక సెంటీమీటరు. మన సున్నం గోడకి అది చాలా ఎక్కువ అని చెప్పి, పక్క పక్క పాయింట్ల మధ్య రెండు మిల్లీమీటర్లు దాటితే ఆపెయ్యాలి, పాత పగులు అర మిల్లీమీటరు పెరిగితే యెల్లో, అంటే జాగ్రత్తపడాలి, ఒక మిల్లీమీటరు పెరిగితే రెడ్ అని పెట్టారు. ఎండకి కదిలేది తీసేశాక మిగిలిన లెక్క అది.

మా ఊరి ముసలి తాపీ మేస్త్రీ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయనకి ఈ మిషన్లంటే మొదట గిట్టలేదు. "గోడ కదిల్తే ముందు సున్నం రాల్తాదమ్మా, నీ కంపూటర్ కన్నా ముందు నాను చెప్పీగలను" అన్నాడు. ఫీల్డులో ఉన్న ఇంజనీరమ్మాయి శ్రీకాకుళం పిల్లే, ఆమె నవ్వి ఊరుకోలేదు, "అయితే మేస్త్రీ గారూ, ఆ పని మీరే చూడాలి" అని చెప్పి గోడల వెంబడి కింద అంతా ఊడిపించి నల్ల ప్లాస్టిక్ షీటు పరిపించింది, కొత్తగా సున్నం పొడి రాలితే తెల్లగా కనపడేలా. ఆయన రోజూ పొద్దున్న సాయంత్రం తిరిగి చూసి ఎక్కడ రాలిందో చెప్తే ఆమె దాన్ని కూడా రీడింగుల షీటులో రాసేది. ఈ ఒక్క విషయానికి నేను ఆ టీమ్‌కి దండం పెడతాను. సెన్సర్ తను ఉన్న చోటే చూస్తుంది, మనిషి కన్ను గోడంతా చూస్తుంది. వెనక గది టెర్రస్ కింద రాలుతున్న సంగతి మొదట పట్టుకున్నది ఆయనే, అక్కడ సెన్సరే లేదు, తర్వాత పెట్టారు.

పునాది కోసేటప్పుడు ఒక గొడవ జరిగింది. గోడ కింద విడతలు విడతలుగా తవ్వి, పునాది రాయి తొలగించి, జాకీలు, ఇనుప చానెళ్ళు దూర్చాలి. కాంట్రాక్టరు మనుషులు తొందరగా అవుతుందని కరెంటు బ్రేకర్ పెట్టి గుద్దడం మొదలెట్టారు. గోడ అడుగున పెట్టిన వైబ్రేషన్ మీటరు వెంటనే కూసింది. జర్మనీ వాళ్ళ డీఐఎన్ 4150 అనే స్టాండర్డులో ఇలాంటి సున్నితమైన పాత కట్టడాలకి పునాది దగ్గర తక్కువ ఫ్రీక్వెన్సీలో అదురు వేగం సెకనుకి 3 మిల్లీమీటర్లు దాటొద్దని ఉంది, వీళ్ళు అదే లిమిట్ పెట్టుకున్నారు, బ్రేకర్ తగిలిన చోటల్లా అది దాటిపోయింది. పని ఆపించారు. సమ్మెట, ఉలి పెట్టి చేత్తోనే కొట్టమన్నారు, ఆ విడత పని రెండింతల టైము తీసుకుంది, కూలి డబ్బులు ఎవరిస్తారని మళ్ళీ పంచాయితీ. చివరికి కొంత మేము ఇచ్చాం. రోడ్డు మీద కంకర లారీలు పోతే ఎంత వస్తుందో కూడా చూశారు, అది లిమిట్ లోపలే ఉంది. ఇలా కొలిచి చెప్పడం వల్ల లారీల మీద లేనిపోని గొడవ తప్పింది.

అసలు పరీక్ష ఎత్తేటప్పుడే. మొదటి రోజు అంతా సాఫీగా సాగింది, రెండో రోజు ఈశాన్యం మూల దగ్గర తేడా మొదలైంది. పైకి కంటికి ఏమీ కనపడలేదు, గుండు కూడా సరిగ్గానే ఉంది. లోడ్ సెల్ మాత్రం ఆ మూల జాకీ మీద బరువు తిప్పిన కొద్దీ తగ్గుతోందని, పక్క రెండు జాకీల మీద పెరుగుతోందని చూపిస్తోంది. తిప్పితే బరువు పెరగాలి గాని తగ్గడమేంటి? జాకీ గోడని పైకి ఎత్తకుండా తనే నేలలోకి దిగిపోతోందన్నమాట, ఆ మూల గోడ గాల్లో వేలాడుతూ పక్క జాకీల మీద ఆనుకుంటోంది. టోటల్ స్టేషన్ కొట్టి చూస్తే ఆ మూల పక్క పాయింటు కన్నా రెండు మిల్లీమీటర్లకి పైగా వెనకబడి ఉంది, కిటికీ మీద పగులు గేజీ యెల్లో దాటింది. ఇంజనీరమ్మాయి ఎర్ర జెండా ఎత్తేసింది. జాకీల మేస్త్రీకి కోపం వచ్చింది, రెండు మిల్లీమీటర్లకి ఎవడైనా పని ఆపుతాడా, ఇంకో నాలుగు చుట్లు వేస్తే అదే సర్దుకుంటుంది అన్నాడు. ఆమె కదల్లేదు. అగ్రిమెంటులో ఆ లైను లేకపోతే ఆ రోజు ఆయన మాటే నెగ్గేది, ఎందుకంటే మా కమిటీ వాళ్ళు కూడా సగం మంది కానీండమ్మా అనే అన్నారు.

జాకీ తీసి ఆ కింద తవ్వి చూస్తే పాత గొయ్యి, ఎప్పుడో పూడ్చేసినట్టున్నారు, మట్టి మెత్తగా చెయ్యి దిగిపోయేలా ఉంది. దాన్ని తవ్వేసి కాంక్రీటు పోసి, గట్టిపడేదాకా ఆగి, పైన మందపాటి ఇనుప ప్లేటు వేసి, ఆ జాకీని పావు చుట్టు పావు చుట్టు తిప్పుతూ ప్రతి పావుకీ బరువు చూస్తూ పక్క వాటితో సమానానికి తెచ్చారు. కిటికీ మీద పగులు దాదాపు మూసుకుంది, సుమారు మూడో వంతు మిల్లీమీటరు మాత్రం అలాగే మిగిలిపోయింది, దాన్ని తర్వాత సున్నం గ్రౌటింగ్ చేశారు, అంటే పల్చటి సున్నం లోపలికి ఎక్కించి పూడ్చారు. నాలుగు చుట్లు ఎక్కువ వేసి ఉంటే ఏమయ్యేది అన్నది నేను ఇంజనీర్ని కాదు కాబట్టి చెప్పలేను, కానీ ఆ గొయ్యి అక్కడే ఉండేది, బిల్డింగ్ బరువంతా దాని మీద పడేది, అది మాత్రం చెప్పగలను.

ఈ బరువుల సంగతి అర్థమయ్యాక నేను బయటి దేశాల్లో ఎలా చేశారో చదివాను, ఇంజనీరు గారు కూడా కొన్ని చెప్పారు. అమెరికాలో కేప్ హాటెరస్ లైట్‌హౌస్ అని 1870లో కట్టింది, సముద్రం కోతకి పడిపోతుందని 1999లో 2,900 అడుగులు లోపలికి జరిపారు, సుమారు 4,800 టన్నులు, 23 రోజులు పట్టింది. దానికి బరువు, వంపు, వైబ్రేషన్ చూడ్డానికి 60 సెన్సర్లు పెట్టారు. నాకు బాగా నచ్చిందేంటంటే, కింద ఉన్న వంద హైడ్రాలిక్ జాకీలని మూడు గ్రూపులుగా కలిపారు, ఒక గ్రూపులో ఉన్న జాకీలన్నిటికీ నూనె ప్రెషర్ ఒకటే. మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు చూడండి, అలాగన్నమాట, మూడు చోట్ల ఆనిందంటే కింద నేల కొంచెం అటూ ఇటూ అయినా పైన కట్టడం మెలి తిరగదు. మన దగ్గర వాడేవి చేత్తో తిప్పే స్క్రూ జాకీలు, ఏ జాకీకి ఆ జాకీయే, ఒకటి దిగిపోతే మిగతా వాటికి తెలీదు. ఆ పని మన దగ్గర కొలిచేవాళ్ళే చెయ్యాలి. అంటే మన పద్ధతిలోనే మోనిటరింగ్ ఇంకా ఎక్కువ అవసరం, డబ్బున్న దేశాల వాళ్ళ సోకు అని కొట్టిపారెయ్యడానికి లేదు.

షాంఘైలో 2020లో లగేనా స్కూలుని జరిపారు, 1935 నాటిది, 7,600 టన్నులు. దాని కింద 198 రోబో కాళ్ళు పెట్టి, సగం కాళ్ళు లేస్తే సగం దిగేలా నడిపించి, 18 రోజుల్లో 62 మీటర్లు తీసుకెళ్ళి 21 డిగ్రీలు తిప్పారు కూడా. చెక్ దేశంలో మోస్త్ అనే ఊళ్ళో పాత చర్చిని బొగ్గు గని కోసం 1975లో పట్టాల మీద 841 మీటర్లు జరిపారు, నిమిషానికి రెండు మూడు సెంటీమీటర్లు మించకుండా. మా సత్రం వెళ్ళింది ఈ లెక్కన చాలా చిన్న దూరం, కానీ మా వాళ్ళు కూడా రోలర్ల మీద తోసేటప్పుడు ప్రతి అడుగుకీ ఆపి స్టిక్కర్లన్నీ కొట్టి చూశాకే ముందుకి పోనిచ్చారు. పక్కకి తోసే రెండు జాకీల్లో ఒకటి ముందుకెళ్ళిపోతే బిల్డింగ్ మెల్లగా తిరిగిపోతుంది, తిరిగిన సంగతి కంటికి తెలీదు, కొత్త పునాది మీద కూర్చోబెట్టేటప్పుడు ఒక మూల బయటికొస్తుంది. మా దగ్గర ఓసారి అలా తిరగడం మొదలెడితే వెంటనే పట్టుకుని సరిచేశారు. దిక్కు చెడిపోకూడదని పెద్దవాళ్ళ పట్టుదల కూడా ఉంది లెండి, సత్రంలో రాములవారి పటం ఉన్న గూడు తూర్పు ముఖం. అరసవిల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని తెలిసిన జనానికి దిక్కు అంటే ఎంత పట్టింపో వేరే చెప్పాలా? అబూ సింబెల్ గుడిని జరిపినప్పుడు కూడా ఏడాదికి రెండు సార్లు గర్భగుడి లోపలికి ఎండ పడే ఏర్పాటు చెడకుండా దిక్కు కలిపి పెట్టారు. మా దానికి జరిపే ముందు తీసిన దిక్కు, కూర్చోబెట్టాక తీసిన దిక్కు రెండూ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు, పెద్దవాళ్ళు ఆ కాగితం చూసి ఊరట పడ్డారు.

ఇక ఒక మార్కు ఎందుకు కోశానంటే. రిపోర్టులు అన్నీ ఇంగ్లీషులో, ముప్పై పేజీల పీడీఎఫ్, గ్రాఫుల మీద గ్రాఫులు. డబ్బులు పెట్టింది ఊరు, ఊళ్ళో ఎంతమందికి అర్థమవుతుంది? అడగ్గా అడగ్గా తర్వాత రోజూ సాయంత్రం వాట్సాప్‌లో తెలుగులో నాలుగు లైన్లు పెట్టడం మొదలెట్టారు, ఏ గోడ ఎలా ఉంది, రేపు ఏం చేస్తారు అని. అది మొదటి రోజు నుంచే ఉండాల్సింది. రెండోది ఇంకా పెద్దది. సెన్సర్ల డేటా తీసే బాక్సుకి బ్యాటరీ బ్యాకప్ సరిగ్గా లేదు. బిల్డింగ్ జాకీల మీద నిలబడి ఉన్న రాత్రి కరెంటు పోతే తెల్లారేదాకా రీడింగులే లేవు. కరెంటు కోతలు మనకి కొత్తా? ఏమీ కాలేదు సరే, కానీ అసలు చూడాల్సింది ఆ రాత్రులే, గోడ కింద పునాది లేని రాత్రులు. తర్వాత బ్యాటరీ తెచ్చి పెట్టారు, రాత్రి ఒక మనిషిని కూడా ఉంచారు, అడిగాకే.

మూడోది, ఇది వాళ్ళ తప్పు కన్నా మామూలుగా అందరూ చేసేదే అనుకుంటా, కూర్చోబెట్టిన కొన్ని వారాలకి సెన్సర్లు విప్పుకుని వెళ్ళిపోతామన్నారు. కొత్త పునాది కింద నేల ఇంకా ఒక వానాకాలం కూడా చూడలేదు. మన వైపు వానలు ఎలాగుంటాయో తెలిసిందే, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. నీళ్ళు దిగాక కొత్త నేల సర్దుకుంటుంది, అప్పుడే ఒక మూల దిగితే దిగుతుంది. పట్టుబట్టి ప్లాస్టిక్ గేజీలు గోడల మీదే ఉంచమన్నాం, వాటికి కరెంటు అక్కర్లేదు, నెలకోసారి మా మేస్త్రీయే చూసి ఫోన్లో ఫోటో తీయించి పంపుతాడు, వాన తగ్గాక వాళ్ళు వచ్చి టోటల్ స్టేషన్‌తో ఒకసారి కొట్టి వెళ్తారు. ఇప్పటిదాకా పంపిన ఫోటోలన్నిట్లో ఎండకి కదిలేదే తప్ప వేరే తేడా లేదని వాళ్ళు చెప్పారు.

మీ ఊళ్ళో కోవెలో, పాత బడో, తాతల నాటి లోగిలో ఇలా జరపాల్సి వస్తే, ఏ టీమ్‌ని పెట్టుకున్నా సరే, జాకీల కాంట్రాక్టరు తెచ్చిన మనిషిని మాత్రం పెట్టుకోకండి, జీతం ఇచ్చేవాడికి ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టం. ఎన్ని సెన్సర్లు పెడతారు అని అడిగే ముందు, ఎత్తక ముందు ఎన్నాళ్ళు రీడింగులు తీస్తారు అని అడగండి. ఏ అంకె దగ్గర పని ఆపుతారో ఎత్తక ముందే కాగితం మీద పెట్టించండి, ఎత్తుతున్నప్పుడు ఆ అంకె మార్చమని అందరూ వత్తిడి పెడతారు. ఆపిన రోజు కూలీ ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి, మా దగ్గర సగం గొడవలు దాని దగ్గరే వచ్చాయి. పని సంక్రాంతి తర్వాత మొదలెట్టి వానలు పడేలోపు కొత్త పునాది మీద కూర్చునేలా చూసుకోండి. సెన్సర్ల బాక్సుకి బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో అడిగి, ఒక రాత్రి కరెంటు తీసేసి మీరే చూడండి. చివరి వాయిదా డబ్బు మాత్రం బిల్డింగ్ కూర్చున్న రోజు ఇచ్చెయ్యకుండా, ఒక వానాకాలం దాటాక తీసే రీడింగుతో ముడిపెట్టండి, మేము అలా చేశాం, ఆ టీమ్ కూడా పేచీ పెట్టకుండా ఒప్పుకుంది.